పుడిసెడు నీళ్ళు

మా మావయ్యగారు ఆ పని నాకు అప్పగించింది నా బియ్యెస్సీ చూసి కాదు, నా పులుసు చూసి.

రెండువేల రెండో సంవత్సరం మృగశిర కార్తెలో ఆయన చేలో గట్టు మీద నుంచి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అమలాపురంలో ఆపరేషను చేసి, మూడు నెలలు మంచం దిగకూడదని చెప్పి పంపారు. సావిట్లో కిటికీ పక్కన మంచం వేశాం. మర్నాడు పొద్దున్నే ఇంట్లో ముగ్గుర్నీ పిలిచారు. ఆస్తి సంగతేదో మాట్లాడతారనుకున్నాను. ఆయన మాట్లాడింది నీళ్ళ సంగతి.

"వారంలో కాలువలు వదులుతారు. బోదెలో నీళ్ళు ఎవరు చూస్తారు?"

మా ఊరు రాజోలుకి దిగువన, కాలువకి చిట్టచివర. మా చేలకి నీళ్ళు తెచ్చేది మూడో నెంబరు బోదె. బారెడు వెడల్పున్న పిల్లకాలువ అది. దానికి ఒక పక్క కొబ్బరి తోటలు, ఇంకో పక్క ఉప్పుటేరు, ఉప్పుటేరు వంపులో రొయ్యల చెరువులు. బోదెలోకి ఏ పక్క నుంచి ఉప్పు దిగినా లేత నారు నాలుగు రోజుల్లో మాడిపోతుంది. అందుకని మావయ్యగారు ముప్పై ఏళ్ళుగా, కాలువలో నీళ్ళున్నన్ని రోజులూ, తెల్లవారగానే మా తూము దగ్గరికి వెళ్ళేవారు. పుడిసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, ఆ తరవాతే తూము తలుపు ఎత్తేవారు. ఊళ్ళో అందరూ అది ఆయన పూజ అనుకునేవారు. కాపురానికొచ్చిన ఆరేళ్ళూ నేనూ అలాగే అనుకున్నాను.

"నేను చూస్తాను కదా నాన్నా," అన్నారు మా ఆయన శివనాగరాజు.

"నీ నాలుక సిగరెట్లకి ఎప్పుడో రాసిచ్చేసేవు."

అత్తయ్యగారు కిళ్ళీ బుగ్గన పెట్టుకుని, "నా వంక చూడకండి. నాకు సున్నం తప్ప ఇంకోటి తెలీదు," అన్నారు.

"నీ వంక ఎవరు చూసేరు కనకరత్నం? యామిని చూస్తుంది."

"నేనా మావయ్యగారూ?"

"ఆరేళ్ళై నీ చేతి పులుసు తింటన్నాను. ఒక్క పూట ఉప్పు ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. మీ అత్తగారు ముప్పై ఏడేళ్ళ నుంచీ వండుతోంది..."

"ఆ మాట పూర్తి చెయ్యకండి," అన్నారు అత్తయ్యగారు.

ఆయన పూర్తి చెయ్యలేదు. నాకు నియమాలు చెప్పారు. పళ్ళకి పేస్టు వాడకూడదు, ఉత్తి నీళ్ళతో పుక్కిలించాలి. కాఫీ తాగకూడదు. లేచింది మొదలు నీళ్ళు రుచి చూసేదాకా ఎవరితోనూ మాట్లాడకూడదు. నీళ్ళు నోట్లో పోసుకున్నాక మింగకూడదు, తొందరపడకూడదు, నాలుక అంతటికీ తగలనివ్వాలి. అయ్యాక గట్టు మీద గడ్డిలో వదిలేయాలి. నీళ్ళలో ఉమ్మకూడదు.

"దణ్ణం కూడా పెట్టాలా మావయ్యగారూ?"

"అది నేను చెప్పేది కాదమ్మా," అన్నారాయన.

మొదటి రోజు వెళ్ళి రుచి చూసి వచ్చాను. ఇంటికీ తూముకీ మధ్య అర కిలోమీటరు గట్టు.

"ఏం రుచి?" అన్నారు.

"ఏమీ లేదండి. నీళ్ళలా ఉన్నాయి."

"నీళ్ళలా అంటే?"

కాలేజీలో ప్రాక్టికల్స్‌లో కూడా నేనంత చెత్తగా జవాబు చెప్పలేదు. రేపు చెప్పమన్నారు. రెండో రోజు గట్టు దిగబోతుంటే తూము గోడ పగుల్లోంచి ఒక నీటిపాము తల బయటపెట్టింది. నేను కెవ్వుమన్నాను. అప్పుడే చేలోకి వస్తున్న వీరాయమ్మ, ఊడ్పుల ఆడవాళ్ళకి పెద్ద, పరిగెత్తుకొచ్చి, "అది మీ మావగారి సుట్టం అమ్మగారూ, ఏమీ సెయ్యదు," అంది. ఇంటికొచ్చి జరిగింది చెబితే మావయ్యగారు, "మాట్లాడేవు కదా, ఇవాళ్టిది చెల్లదు. మళ్ళీ వెళ్ళిరా," అన్నారు. మళ్ళీ వెళ్ళాను. ఆయన మంచం మీద నుంచి ఎలాగూ చూడలేరు. అయినా మళ్ళీ వెళ్ళాను.

అయిదారు రోజులకి చెప్పడం వచ్చింది. "ఇనుము రుచండి, తూము తలుపుది," అంటే, "ఊఁ," అనేవారు. ఒక రోజు, "వగరుగా ఉన్నాయండి," అన్నాను. "పైన ఎవరో కొబ్బరి డొక్కలు నానేసేరు," అన్నారు కళ్ళు మూసుకునే. మా ఆయన బండి మీద వెళ్ళి చూసొచ్చారు. రెండు మైళ్ళ ఎగువన నిజంగానే ఎవరో పీచు కోసం డొక్కలు నానబెట్టారు.

చదువుకున్నదాన్ని కాబట్టి నా తెలివి నేనూ చూపించాను. మూడు చెంచాల బోదె నీళ్ళు తెల్ల సాసరులో పోసి ఎండలో పెట్టాను. సాయంత్రానికి నీరు ఇగిరిపోయి సన్నటి గీత మిగిలింది. తీసుకెళ్ళి మావయ్యగారికి చూపించి, ఉప్పుంటే ఈ గీత తెల్లగా గట్టిపడుతుందని వివరించాను. ఆయన సాసరు అటూ ఇటూ తిప్పి మెచ్చుకున్నారు.

"బావుందమ్మా. కానీ ఇది సాయంత్రానికి గానీ చెప్పదు. చేలోకి నీళ్ళు పొద్దున్నే వచ్చేస్తాయి."

సాసరు కడిగి అల్మారాలో పెట్టేశాను.

ఎప్పటి నుంచి అని చెప్పలేను గానీ, ఆషాఢం నడుస్తుండగా ఆ నడక నాకు పనిలా అనిపించడం మానేసింది. ఇంట్లో దేవుడి గదిలోకి వెళ్తే నాకు దేవుడు కనిపించడు. వంకరగా ఉన్న వత్తి కనిపిస్తుంది, కుంది అడుగున పట్టిన చిలుము కనిపిస్తుంది, తీయకుండా వదిలేసిన నిన్నటి మందారం కనిపిస్తుంది. దణ్ణం పెడుతూనే సర్దుతూ ఉంటాను. నా స్వభావం అంతే. బోదె దగ్గర నేను సర్దాల్సింది ఒక్కటీ లేదు. నత్తలు నీటి మట్టానికి ఒక అంగుళం కింద గోడకి అతుక్కుని ఉండేవి. లకుముకి పిట్ట అవతలి గట్టున వెదురు గడ మీద కూర్చునేది, నన్ను చూసి లేచేది కాదు. పాము దాని పగుల్లో అది, నా మెట్టు మీద నేను. నీళ్ళు నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడ్డానికి లేదు, ఇంకో పని చెయ్యడానికి లేదు. నా చేతులు ఊరికే ఉండటం నాకే కొత్త. వాన వెలిసిన పొద్దుల్లో నీళ్ళకి ఏ రుచీ ఉండేది కాదు. ఆ ఏమీ లేకపోవడాన్నే ఎంతసేపైనా నోట్లో ఉంచుకోవాలనిపించేది.

ఒక రోజు అడిగేశాను. "ఇది పూజా మావయ్యగారూ, పరీక్షా?"

"మొదట ఓ పదేళ్ళు పరీక్షేనమ్మా. తరవాతెప్పుడు మారిందో నేను చూసుకోలేదు."

శ్రావణం వచ్చింది. ఊడ్పులు మొదలయ్యాయి.

మా చేను ఊడ్చే రోజుకి ముందు సాయంత్రమే ఆకుమడి పీకి, నారు కట్టలు కట్టి, దమ్ము చేసిన చేలో వరసగా వేయించారు. ఊడ్పుల్లో నీళ్ళు వంతుల ప్రకారం వదులుతారు, మా వంతు ఆ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. తప్పిపోతే మళ్ళీ ఆరో రోజు. పీకిన నారు ఆరు రోజులు ఆగదు. మళ్ళీ చల్లుకోవడానికి విత్తనం లేదు, ఉన్నా కాలం లేదు.

నేను వెళ్ళేసరికి తూము దగ్గర జనం ఉన్నారు. మా ఆయన పార పట్టుకుని నిలబడ్డారు. వీరాయమ్మ ఇరవైమంది ఆడవాళ్ళతో చీరలు పైకి దోపుకుని గట్టు మీద సిద్ధంగా ఉంది. నీటి సంఘం ప్రెసిడెంటు కృష్ణమూర్తిగారు గొడుగు వేసుకుని వంతు మార్చడానికి వచ్చారు.

"రండమ్మా, చూడండి. అద్దంలా ఉన్నాయి నీళ్ళు. సంవత్సరమంతా ఇలా వస్తే బాధేముంది?" అన్నారు.

నిజంగానే నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున ఇసుక, ఇసుకలో గవ్వ కూడా కనిపిస్తున్నాయి. శ్రావణంలో గోదావరి నీళ్ళు ఎర్రగా, చిక్కటి టీలా రావాలి. నిన్న అలాగే వచ్చాయి. గోడ వంక చూశాను. నత్తలన్నీ నీళ్ళు విడిచి, జానెడు పైకి, పొడి సిమెంటు మీదకి ఎక్కి ఉన్నాయి.

వంగి పుడిసెడు తీసుకున్నాను. నోట్లో పోసుకోగానే ఏమీ తెలియలేదు. కొంచెం ఆగాను. నాలుక అంచుల దగ్గర, రెండు పక్కలా, సన్నగా ఏదో పట్టుకుంది. గడ్డిలో వదిలేసి, ఇంకో పుడిసెడు తీసుకున్నాను. ఉంది.

"తూము ఎత్తకండి," అన్నాను. ఆ రోజు నేను మాట్లాడిన మొదటి మాట అది.

కృష్ణమూర్తిగారు నవ్వారు. "ఇదేం చారు కాదు కదమ్మా, ఉప్పు సరిపోలేదని దింపకుండా ఉంచడానికి."

"సరిపోలేదని కాదండి. ఎక్కువైంది."

"పెద్దాయన చెబితే నేను మారుమాట్లాడను. ఆయన ముప్పై ఏళ్ళై చూసేరు. మీరు నిన్నగాక మొన్న మొదలెట్టేరు. ఈ వంతు పోతే ఇంకోటి నేనివ్వలేనండి, ముందే చెబుతున్నాను."

మా ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు. "ఖాయమేనా?"

"ఎంతుందో ఖాయంగా చెప్పలేనండి. ఉందని ఖాయం."

"సుమారుగా ఎంత?"

"మన గిన్నెడు చారులో చిటికెడు ఎక్కువ పడితే ఎంత తెలుస్తుందో అంత."

ఆయన నా మొహం చూశారు, చేలో పడి ఉన్న నారు కట్టల వంక చూశారు. నా మాట తప్పయితే పీకిన నారంతా కళ్ళముందే పండిపోతుంది. నా మాట ఒప్పయి నేను ఊరుకుంటే ఉప్పు చేలోకి దిగి, నారూ పోతుంది, చేనూ పోతుంది. మా ఆయన వెళ్ళి తూము తలుపు మీద కూర్చుని పార ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నారు.

"అయితే మేం ఏం సెయ్యాలి?" అంది వెనక నుంచి ఒకామె.

"కూకోవాలి," అంది వీరాయమ్మ. "నాది సుట్ట నోరు, నాకు రుసీ పసీ తెలీదు. ఈయమ్మ నలభై రోజుల్నించి నోరు మూసుకుని ఈ గట్టునే నడవడం మటుకు సూసేను. మా మొగుళ్ళు ఒక్క పూటైనా నోరు మూసుకుంటే దణ్ణం ఎట్టుకుందుం." ఆడవాళ్ళు నవ్వి, గట్టు మీద బారుగా కూర్చున్నారు.

"ఎక్కడి నుంచి వస్తోందో చూస్తాను," అన్నాను నేను. "వీరాయమ్మా, ఆ చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని నాతో రా."

"పదండి, ఆ ఉప్పు ఇల్లెక్కడో నేనూ చూస్తాను," అని కృష్ణమూర్తిగారు గొడుగుతో సహా వెనకే వచ్చారు.

బోదె వెంట ఎగువకి నడిచాం. యాభై అడుగులకొకసారి దిగి పుడిసెడు తీసుకుని, రుచి చూసి గడ్డిలో వదిలి, చెంబు నీళ్ళతో పుక్కిలించుకుని మళ్ళీ నడవడం. రెండోచోట అంతే ఉంది. మూడోచోట పెరిగింది. అయిదోచోట నాలుక కాదు, పెదవులే చెప్పాయి. కృష్ణమూర్తిగారు చెప్పులు విప్పి తనూ దిగి రుచి చూశారు. ఆయన మొహం మారింది. గబుక్కున బోదెలోనే ఉమ్మబోయారు.

"నీళ్ళల్లో వద్దు బాబూ," అంది వీరాయమ్మ.

ఆయన పక్కకి తిరిగి గట్టు మీద ఉమ్మారు. "ఆయ్, ఉందండి," అన్నారు మెల్లగా. అక్కడి నుంచి ఆయన గొడుగు ముడిచి, నా వెనక కాకుండా నా పక్కన నడిచారు.

ఉప్పుటేరు వంపులో బంగారరాజుగారి రొయ్యల చెరువు ఉంది. ఆ చెరువు గట్టు కింద నుంచి మూరెడు లావు సిమెంటు గొట్టం ఒకటి బోదెలోకి తెరుచుకుని ఉంది. చెరువులో ఉప్పు మరీ పెరిగినప్పుడు బోదె నుంచి మంచినీళ్ళు పెట్టుకోవడానికి వేసిన గొట్టం అది. ముందు రోజు నీళ్ళు పెట్టుకుని దాన్ని మూయడం మరిచిపోయారు. రాత్రి వంతులు మారడానికి, బోదె మొదట్లో కాలువ దగ్గరున్న పై తలుపు దించితే బోదెలో మట్టం పడిపోయింది. మంచినీళ్ళు తీసుకున్న దారినే చెరువు నీళ్ళు రాత్రంతా బోదెలోకి కారాయి. నిలబడిన నీటిలో ఉప్పు తగిలేసరికి ఎర్రమట్టి అంతా అడుక్కి దిగి, నీళ్ళు అద్దంలా తేరుకున్నాయి. మట్టి ఎందుకు దిగుతుందో నేను డిగ్రీ రెండో ఏడాది పుస్తకంలో చదివాను. ఎప్పుడు పనికొస్తుందో ఆ పుస్తకంలో లేదు.

బంగారరాజుగారు కాపలా గుడిసెలోంచి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చారు. ముందు గొట్టాన్ని చూశారు, తరవాత మమ్మల్ని చూశారు. వాదించే మనిషే, కానీ వాదించలేదు.

"మాదేనండి. మూసేరనుకున్నాను. తప్పు జరిగిపోయిందమ్మా," అని, గోనెసంచిలో గడ్డీ బురదా కుక్కి, తనే మొలలోతు దిగి గొట్టం బిగించారు.

నేను గొట్టం దాటి ఇంకో పది అడుగులు ఎగువకి వెళ్ళాను. అక్కడ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెత్తా చెదారం, విరిగిన కొబ్బరి ఈనెలు, నురగ తేలుతున్నాయి. పుడిసెడు తీసుకుని నోట్లో పోసుకున్నాను. మట్టి రుచి, ఆకు రుచి, వాటి వెనక తీపి. ఎన్నో జిల్లాలు దాటి, ఎన్నో ఊళ్ళ బురద మోసుకుని, చిట్టచివర ఉన్న మా దాకా వచ్చిన తీపి. గడ్డిలో వదిలేశాక గానీ నేను చూసుకోలేదు, నా చేతులు రెండూ జోడించి ఉన్నాయి. వీరాయమ్మ చూసింది. చూడనట్టు చెంబు కడగడం మొదలుపెట్టింది.

పై తలుపు ఎత్తించి, బోదెలో ఉన్నదంతా మురుగు కాలువలోకి మళ్ళించారు. పదకొండింటికి మా తూము దగ్గరికి ఎర్రనీరు వచ్చింది. మళ్ళీ రుచి చూసి, ఎత్తమన్నాను. కృష్ణమూర్తిగారు మా వంతు మర్నాడు మధ్యాహ్నం దాకా పొడిగించారు, నేను అడక్కుండానే. ఆడవాళ్ళు చేలోకి దిగారు.

ఇంటికొచ్చేసరికి మావయ్యగారికి అన్నీ తెలిసిపోయాయి. అయినా నా చేత మొదటి నుంచీ చెప్పించుకున్నారు. నత్తల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు.

"భయం వేసిందా?" అన్నారు.

"ఆయ్, వేసిందండి."

"ఎప్పుడు?"

"నోట్లో నీళ్ళున్నప్పుడు కాదండి. ఎత్తకండి అన్నాక."

ఆయన దిండు మీద తల వాల్చి, గుమ్మంలో నిలబడ్డ అత్తయ్యగారితో, "విన్నావా రత్నం? నా కోడలు," అన్నారు.

"వినకేం. ఆ సంబంధం చూసింది నేను," అన్నారు అత్తయ్యగారు, కిళ్ళీ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకుంటూ. ఆ పూట నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. ఆవిడే వండారు. పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఎవ్వరం మాట్లాడకుండా తిన్నాం.

మర్నాడు మామూలు వేళకే వెళ్ళాను. చేను సగం పచ్చగా ఊడ్చి ఉంది, సగం మిగిలి ఉంది. తూము దగ్గర మా ఆయనతో పాటు దిగువ చేల రైతులు ఏడెనిమిదిమంది పారలతో నిలబడి ఉన్నారు. నేను దూరం నుంచే లెక్కపెట్టాను, అంతమంది ఎందుకొచ్చారో అర్థం కాలేదు. కృష్ణమూర్తిగారు వాళ్ళకి ముందున్నారు.

"ఇవాళ మీ తూముతో పాటు కింద మూడు తూములు ఎత్తాలండి," అన్నారు. "మీరు చూసేక ఎత్తుదామని ఆగేం."

నేను తలూపాను. వాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చారు. మెట్టు దిగి వంగాను. ఎర్రటి నీళ్ళు, నిండుగా, గోడకి రాసుకుంటూ పోతున్నాయి. పుడిసెడు తీసుకుని నోట్లో పోసుకున్నాను. తియ్యగా ఉన్నాయని తగలగానే తెలిసిపోయింది. ఇంకో రోజైతే అక్కడితో లేచేదాన్ని. ఆ పొద్దున లేవలేదు. అంతమంది మగవాళ్ళు పారలు నేలకి ఆనించి, నా మొహం వంకే చూస్తున్నారు. చూడనిచ్చాను. తూర్పున కొబ్బరి తోటల మీదుగా ఎండ బోదెలోకి దిగేదాకా ఆ నీళ్ళు నోట్లోనే ఉంచుకున్నాను.